పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: జాతీయ నాయకుల ఆశయాలు, నేటి ప్రభుత్వ విధానాలు

గత నెల ఈ శీర్షికలో గరివిడి పాఠకుడొకరి ఉత్తరం ప్రచురించాం. జాతీయ నాయకుడొకరి జయంతికి పూలదండ వేసి, వర్ధంతికి రెండు నిమిషాలు మౌనం పాటించి, మిగిలిన రోజుల్లో ఆ నాయకుణ్ణి మరచిపోయే ప్రభుత్వాల విధానాల్లో ఆయన ఆశయం ఎక్కడ మిగిలిందో చూపించమని ఆయన అడిగారు. ఆ ప్రశ్నకు శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఊహించినదానికంటే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. కొన్నింటిలో కోపం, కొన్నింటిలో నిరాశ, ఒకటి రెండింటిలో మాపై చిన్న ఎత్తిపొడుపు కూడా ఉన్నాయి. వాటిలో ఏడింటిని కుదించి, రాసినవారి పేర్లు తీసివేసి, ఊరు మాత్రం ఉంచి ఇక్కడ ఇస్తున్నాం.

మా అమ్మ నలభై ఏళ్లు రాట్నం తిప్పింది. మా ఊరి ఖద్దరును గాంధీగారు మెచ్చుకున్నారని వేదిక ఎక్కిన ప్రతి నాయకుడూ చెబుతాడు. జెండాను పాలిస్టరుతో చేసుకోవచ్చని ప్రభుత్వమే ఒప్పుకున్నాక ఇంకా గాంధీ ఆశయమని మాట్లాడటంలో అర్థమేమిటి? – పొందూరు

మీ ఆవేదన న్యాయమైనదే గాని, అందులో రెండు వేరు వేరు విషయాలు కలిసిపోయాయి. 2002 నాటి పతాక నియమావళి ప్రకారం జాతీయ జెండాను చేతితో వడికి, చేతితో నేసిన ఖాదీ బట్టతోనే తయారు చేయాల్సి ఉండేది. 2021 డిసెంబరు 30న ఆ నియమాన్ని సవరించి యంత్రంపై తయారైన జెండాలను, పాలిస్టరు జెండాలను కూడా అనుమతించారు. మరుసటి ఏడాది ఆగస్టులో ఇంటింటా జెండా ఎగురవేయాలని ప్రభుత్వం పిలుపునిచ్చినప్పుడు ఆ సవరణ ఫలితం సంతల్లో, కిరాణా కొట్లలో అందరికీ కనిపించింది. జెండా ఏ బట్టతో చేసినా వస్తుసేవల పన్ను ఉండదని అప్పుడే స్పష్టం చేయడంతో ఖాదీ జెండాకు ఉన్న చిన్న వెసులుబాటు కూడా పోయింది. ఖాదీ సంఘాలు ఆ నిర్ణయాన్ని వ్యతిరేకించడం సహజమే, మేమూ దానిని సమర్థించలేము.

అయితే పొందూరు నూలు జెండా నూలు కాదు. దిట్టంగా ఉండే ఖాదీ జెండాలు చాలా కాలంగా ప్రధానంగా కర్ణాటకలోని హుబ్బళ్ళి దగ్గర, బెంగేరిలో తయారవుతున్నాయి. మీ ఊరిది నూరో నంబరు దాకా వెళ్ళే సన్న నూలు. వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనలా పట్టి పత్తిని ఏకి, గింజ తీసి, ఏకులు చుట్టి, ఒంటి కదురు రాట్నం మీద వడికే ఆ పనిలో ఒక్క పంచెకు సరిపడే నూలు రావడానికి ఎన్ని రోజులు పడుతుందో మాకంటే మీ అమ్మగారికే బాగా తెలుసు. కాబట్టి పాలిస్టరు జెండా ఆమె చేతిలోని పనిని నేరుగా లాక్కోలేదు. ఆ పనికి దక్కే కూలి ఎంత అన్నదే ఆమె విషయంలో అసలు ప్రశ్న.

ఇక్కడే గాంధీని కాస్త జాగ్రత్తగా చదవాలి. మన ఊళ్లవారు గాంధీ ఖద్దరును ఒక బట్టగా, ఇంకా చెప్పాలంటే ఒక దుస్తుగా గుర్తుంచుకున్నారు. ఆయనకది పల్లెలో పని లేని చేతులకు దొరికే కూలి. అఖిల భారత చరఖా సంఘం 1925లో ఏర్పడింది. పదేళ్ల తరువాత, 1935లో, వడికే స్త్రీలకు ఎనిమిది గంటల పనికి కనీస జీవన వేతనం దక్కాలని ఆ సంఘం చేత తీర్మానం చేయించడానికి ఆయన పట్టుబట్టారు. కూలి పెంచితే ఖద్దరు ధర పెరుగుతుందని, ధర పెరిగితే అమ్మకాలు పడిపోతాయని సొంత సంఘంలోని వారే అభ్యంతరం చెప్పారు. అయినా చౌక ఖద్దరు కోసం వడికే మనిషిని పస్తుంచడం తనకు సమ్మతం కాదన్న వైఖరిని ఆయన మార్చుకోలేదు. పొందూరు ఖద్దరును ఆయన ఎంత మెచ్చుకున్నారన్న ముచ్చట మీ ఊళ్లో అందరి నోటా వినిపిస్తుంది. ఈ 1935 తీర్మానం మాత్రం ఏ సభలోనూ వినిపించదు.

రాజ్యాంగంలోని 43వ అధికరణం కూడా ఇదే దారిలో ఉంది. కార్మికులందరికీ జీవన వేతనం కల్పించడానికి రాజ్యం ప్రయత్నించాలన్న మాట, గ్రామాల్లో కుటీర పరిశ్రమలను ప్రోత్సహించాలన్న మాట ఒకే అధికరణంలో, ఒకే వాక్యంలో ఉన్నాయి. మన ప్రభుత్వాలు రెండో భాగాన్ని తీసుకొని ఖాదీకి ఒక కమిషన్ ఏర్పరచాయి, పండుగలకు తగ్గింపు ధరలు ప్రకటించాయి, ప్రదర్శనలు పెట్టాయి. మొదటి భాగం అక్కడే ఉండిపోయింది. అమ్మకంపై ఇచ్చే తగ్గింపు కొనేవారికి చేరుతుంది, వడికేవారికి చేరాలంటే చిలపకు (నూలు చుట్టకు) ఇంత అని కట్టే కూలి పెరగాలి. ఈసారి మీ ఊరికి ఎవరైనా మంత్రిగాని అధికారిగాని వచ్చినప్పుడు గాంధీ మెప్పు గురించి ప్రసంగం పూర్తికానిచ్చి, ఎనిమిది గంటలు రాట్నం తిప్పిన మనిషికి ఆ రోజు చేతికి ఎంత వచ్చిందని అడగండి. ఖద్దరు విషయంలో ఆయన ఆశయానికి ఆ అంకె కంటే నమ్మకమైన కొలబద్ద మాకు కనిపించలేదు.

మా కూడలిలో ఇప్పటికే నాలుగు విగ్రహాలున్నాయి. ఇంకొకటి పెట్టకపోతే ఆ నాయకుణ్ణి అవమానించినట్లా? – బొబ్బిలి

కాదు. నడిరోడ్డుపైన, రహదారి స్థలంలో విగ్రహాలు నెలకొల్పడానికి రాష్ట్ర ప్రభుత్వాలు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఆదేశించింది. చట్టాన్ని గౌరవించిన నాయకుడి విగ్రహాన్ని చట్టం కాదన్న చోట నిలబెట్టడంలోని వింత గురించి ఎక్కువ రాయనక్కరలేదు. విగ్రహాలన్నీ వ్యర్థమని మాత్రం మేము అనడం లేదు. ఒకప్పుడు ఊరిలోకి రానివ్వని కులాల పిల్లలకు ఊరి నడుమ నిలబడ్డ అంబేడ్కర్ విగ్రహం ఏమి చెబుతుందో, ఆ అనుభవం లేనివారు తేలికగా తీసిపారేయకూడదు. స్థలం గ్రామకంఠంలోనో, పాఠశాల ఆవరణలోనో తీర్మానం చేసి తీసుకోవచ్చు.

నేను రాజనీతిశాస్త్రం బోధిస్తాను. జాతీయ నాయకుల ఆశయాలంటూ అందరినీ ఒకే మూటగా కడుతున్నారు. వారి మధ్యనే పొసగలేదు కదా! గాంధీకి పల్లె ఆదర్శం, అంబేడ్కర్‌కు పల్లె అంటే భయం. ప్రభుత్వం ఎవరిని అనుసరించాలి? – విజయనగరం

మాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఆలోచింపజేసినది ఇదే. 1948 ఫిబ్రవరిలో వెలువడిన రాజ్యాంగ ముసాయిదాలో గ్రామ పంచాయతీల ఊసే లేదు. గాంధీ మరణించి అప్పటికి నెల కూడా కాలేదు. ఆ ఏడాది నవంబరు 4న ముసాయిదాను రాజ్యాంగ సభ ముందుంచుతూ అంబేడ్కర్ పల్లెను సంకుచితత్వానికి, అజ్ఞానానికి, మతతత్వానికి నెలవుగా వర్ణించారు. ముసాయిదా పల్లెను కాక వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు తనకు సంతోషంగా ఉందని కూడా అన్నారు. సభలో చాలామంది నొచ్చుకున్నారు. ఆ నెల 22న సభ్యుడు కె. సంతానం ప్రతిపాదించిన సవరణను అంబేడ్కర్ పెద్ద వాదన లేకుండా అంగీకరించారు, అలా వచ్చినదే గ్రామ పంచాయతీలను ఏర్పరచాలని చెప్పే నేటి 40వ అధికరణం. ఆదేశిక సూత్రాల్లో ఉన్నందువల్ల అది కోర్టులో అడిగి తెచ్చుకోదగిన హక్కు కాలేదు, నలభై ఏళ్లకు పైగా ప్రభుత్వాల ఇష్టాయిష్టాలకు లోబడి నడిచింది.

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణను గాంధీ గ్రామ స్వరాజ్య స్వప్నం నెరవేరిన రోజుగా సాధారణంగా చెబుతారు. అది సగం మాటే. ఆ సవరణలో గ్రామసభ, అయిదేళ్లకొకసారి తప్పనిసరి ఎన్నికలు, పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల జాబితా ఒకవైపు ఉన్నాయి. మరొకవైపు షెడ్యూల్డ్ కులాలకు, తెగలకు జనాభాను బట్టి స్థానాలు, సర్పంచి పదవుల్లో వాటా, స్త్రీలకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు ఉన్నాయి. మన రాష్ట్రంలో స్త్రీల వాటాను తరువాత సగానికి పెంచారు. పల్లె చేతికి అధికారం ఇవ్వాలన్న గాంధీ కోరికను, పల్లెలో బలవంతుడి చేతికి ఆ అధికారం చిక్కకూడదన్న అంబేడ్కర్ జంకును ఆ సవరణ ఒకే చోట కూర్చింది. ఇద్దరిలో ఎవరో ఒకరిని ఎంచుకోమని మీరు విద్యార్థులను అడిగితే, వారు ఈ సవరణ పాఠాన్ని ముందు పెట్టుకొని ప్రశ్ననే తిప్పి అడగవచ్చు.

కాగితంపై ఇంత చక్కగా ఉన్నది నేలపై ఎలా ఉందన్నది వేరే విషయం. సర్పంచిగా గెలిచిన స్త్రీ బదులు భర్త సమావేశాలు నడిపే ఊళ్లు మీకూ తెలిసే ఉంటాయి. పదిహేనో ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముడిపెట్టారు. మిగిలిన 40 శాతం పంచాయతీ అవసరాన్ని బట్టి వాడుకోవాలి. ఆ డబ్బును తమ తీర్మానం లేకుండానే విద్యుత్ బకాయిల కింద జమ వేసుకున్నారని మన రాష్ట్రంలో సర్పంచులు పార్టీలకు అతీతంగా ఆందోళనకు దిగిన సంగతి ఎవరూ మరచిపోలేదు. 2019లో, అదీ గాంధీ జయంతినాడే, గ్రామ సచివాలయాలు ప్రారంభమయ్యాయి. ధ్రువపత్రం కోసం మండల కేంద్రానికి పోయే శ్రమ దానివల్ల తగ్గింది, ఆ మేరకు మెచ్చుకోవలసిందే. కాని ఊరి సచివాలయంలో కూర్చునే ఉద్యోగి ఊరి సభకు జవాబుదారీ కాడు. సేవలు ఊరి దాకా వచ్చినా నిర్ణయించే అధికారం మాత్రం ఇంకా పై ఊళ్లలోనే ఉంది. పేరులో స్వరాజ్యం ఉన్న ప్రతి పథకాన్నీ ఈ తేడా గమనించి చూడవలసి ఉంటుంది.

ఇంకొక ఉదాహరణ చెప్పి ముగిస్తాం. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చినప్పుడు దానికి గాంధీ పేరు లేదు. ఆ పేరు 2009లో చేర్చారు. కాని ఊరిలో జరిగిన పనులపై గ్రామసభయే సామాజిక తనిఖీ జరపాలన్న 17వ సెక్షను 2005 నాడే ఆ చట్టంలో ఉంది, దానిని పట్టించుకొని తనిఖీలకు ఒక పద్ధతి ఏర్పరచిన రాష్ట్రాల్లో మనది ముందు నిలిచింది. మస్టరు రోల్లో, అంటే పని హాజరు పట్టీలో, తన పేరున పడిన పనిదినాలు ఎన్నో ఊరందరి ముందు చదివించుకొని, తప్పని నిలదీసిన కూలి మనిషి ఉన్న చోట, చట్టం మీద ఎవరి పేరు ఉన్నా లేకపోయినా గాంధీ ఉన్నట్లే మేము భావిస్తాం.

అక్టోబరు 2న ఒక్క రోజు మద్యం దుకాణాలు మూసి, 3వ తేదీ పొద్దున్నే తెరుస్తారు. ఇది గాంధీని గౌరవించడమా, వెక్కిరించడమా? మా డ్వాక్రా సంఘం సభ్యులందరి ప్రశ్న ఇది. – సాలూరు

అమ్మా, మీ ప్రశ్నకు సూటి జవాబు చెప్పే ముందు మన ప్రాంతానికే చెందిన ఒక చరిత్ర గుర్తుచేయాలి. మద్యనిషేధాన్ని గట్టిగా నమ్మిన టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం 1954 నవంబరులో మద్యనిషేధ విధానంపై వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ రోజుల్లో నిషేధంవల్ల ఉపాధి కోల్పోయిన గీత కార్మికుల పక్షాన నిలబడి ఆ ప్రభుత్వాన్ని ఎదిరించినవారిలో ముఖ్యులు సోంపేట ప్రాంతంలోని బారువలో పుట్టిన సర్దార్ గౌతు లచ్చన్నగారు. ఆయనా ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నవారే, జైలుకు వెళ్ళినవారే. ఒకరు తాగుడువల్ల చితికిన ఇంటిని చూశారు, మరొకరు తాటిచెట్టు మీద ఆధారపడ్డ ఇంటిని చూశారు. ఇద్దరిలో ఎవరినీ దేశభక్తి తక్కువైనవారని అనలేము.

తరువాతి కథ మీకు తెలిసినదే. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారాను, 1995 జనవరిలో మొత్తం మద్యాన్ని నిషేధించారు. 1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. ఖజానాకు ఆదాయం పోవడం, పొరుగు రాష్ట్రం నుంచి దొంగ సరుకు రావడం కారణాలుగా చెప్పారు. ఒడిశా సరిహద్దు పక్కనే ఉన్న మీకు రెండో కారణం ఎంత నిజమో వేరే చెప్పనక్కరలేదు. చెట్టుకొకటి, పుట్టకొకటి కాచే నాటుసారా సంగతి సరేసరి.

నిషేధాన్ని ఆదేశించే 47వ అధికరణాన్ని మొదటి నుంచి చదివితే, ప్రజల పోషణ స్థాయిని, జీవన ప్రమాణాన్ని పెంచడం, ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం ప్రాథమిక విధుల్లో ఒకటిగా చూడాలన్న మాట ముందుంటుంది. మత్తు పదార్థాల నిషేధం ఆ తరువాత వస్తుంది. మద్యంపై వచ్చే ఆదాయంతో సంక్షేమ పథకాలు నడుపుతున్నామని ఏ పార్టీ ప్రభుత్వం చెప్పినా, ఆ అధికరణాన్ని తలకిందులు చేసి చదువుతున్నట్లే. ఒక్క దెబ్బతో నిషేధించడం నిలబడదని మేము నమ్ముతున్నాం, నిలబడలేదు కూడా. దుకాణాల సంఖ్యను ఏటా తగ్గిస్తూ, బెల్టు షాపులను నిజంగా మూయిస్తూ, మానాలనుకునే మనిషికి ప్రతి ప్రాంతీయ ఆసుపత్రిలో చికిత్స దొరికేలా చేస్తూ, ఆబ్కారీ ఆదాయంపై ఖజానా ఆధారపడటాన్ని ఇంత నుంచి ఇంతకు తగ్గిస్తామని బడ్జెట్‌లోనే ప్రకటించే ప్రభుత్వం వస్తే, అది అక్టోబరు 2న దుకాణాలు తెరిచి ఉంచినా మాకు అభ్యంతరం లేదు. ఒక్కరోజు మూత గురించి మీరు వాడిన రెండో మాటతో మాకూ ఏకీభావమే.

2023 అక్టోబరు 29న కంటకాపల్లి దగ్గర రైళ్లు ఢీకొన్నప్పుడు సహాయానికి వెళ్ళినవారిలో నేనూ ఒకణ్ణి. లాల్ బహదూర్ శాస్త్రిగారు రైలు ప్రమాదానికి రాజీనామా చేశారని చిన్నప్పుడు చదువుకున్నాం. ఇప్పుడు అలాంటివారు ఎందుకు లేరు? – కొత్తవలస

ఆ రాత్రి మీరు చూసినదాని ముందు మా మాటలు చిన్నవే. పలాస వైపు వెళ్తున్న పాసింజరును వెనుక నుంచి రాయగడ పాసింజరు ఢీకొన్న ఆ ప్రమాదంలో 14 మంది మరణించారు. వారిలో చాలామంది పనులకు పోయి ఇళ్లకు తిరిగి వస్తున్న మన ఊళ్లవారే.

శాస్త్రిగారి విషయంలో చాలామంది మరచిపోయేది ఏమిటంటే, ఆయన రాజీనామాకు సిద్ధపడటం రెండుసార్లు జరిగింది. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి వందమందికి పైగా మరణించినప్పుడు ఇచ్చిన రాజీనామాను ప్రధాని నెహ్రూ అంగీకరించలేదు. నవంబరు 23న తమిళ ప్రాంతంలోని అరియలూరు దగ్గర 140 మందికి పైగా మరణించినప్పుడు ఆయన మళ్ళీ ఇచ్చారు, ఈసారి అంగీకరించారు. తప్పు శాస్త్రిగారిది కాకపోయినా రాజ్యాంగ సంప్రదాయం దృష్ట్యా ఒక ఆదర్శంగా ఉంటుందని ఆమోదిస్తున్నట్లు నెహ్రూ లోక్‌సభకు చెప్పారు.

రాజీనామాలో గొప్పతనం ఉంది. దానివల్ల మరుసటి రోజు సిగ్నలు బాగుపడదు కూడా. మనకు అంతకంటే అవసరమైనది, అంతగా ప్రచారంలో లేనిది ఒకటుంది. రైలు ప్రమాదాలను విచారించే భద్రతా కమిషనర్లు రైల్వే మంత్రిత్వ శాఖ కింద కాక పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తారు. ప్రమాదానికి కారణమై ఉండగల శాఖే దర్యాప్తు జరపకూడదన్న సూత్రంతో 1941లోనే వారిని విడదీశారు. ఆ నివేదికలు పూర్తిగా, తొందరగా జనం ముందుకు రావాలి. వాటిలోని సిఫారసుల్లో ఎన్ని అమలయ్యాయో పార్లమెంటు ఏటా అడగాలి. ఢీకొనకుండా ఆపే ‘కవచ్’ ఏర్పాటు ఆనాటికి మన మార్గంలో లేదు, అది ఏ తేదీకి వస్తుందో రాతపూర్వకంగా చెప్పాలి. మరణించిన లోకో పైలట్ మీద తప్పు మోపి దస్త్రం మూయడం కంటే శాస్త్రిగారి తరహాకు వ్యతిరేకమైన పని మరొకటి లేదు. పై మెట్టున ఉన్నవాడు బాధ్యతను కింది మెట్టుకు తోసివేయకపోవడమే ఆయన చేసి చూపినది.

ప్రసంగవశాత్తు, రాజీనామాల చరిత్రలో మన ప్రాంతానికీ ఒక స్థానం ఉంది. 1952 ఎన్నికల్లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి అయిన వి.వి. గిరిగారు, బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వం తగ్గించి మార్చినందుకు 1954లో పదవి వదులుకున్నారు. ఆ తరువాత ప్రభుత్వమే ఆ వ్యవహారంపై ఒక కమిషన్‌ను వేయవలసి వచ్చింది. ఆయన తరువాత రాష్ట్రపతి అయిన సంగతి అందరికీ తెలుసు. ఆయన రాజీనామా సంగతి మాత్రం నెల్లిమర్ల, బొబ్బిలి జూట్ మిల్లుల కార్మికుల పిల్లలకైనా బడిలో చెప్పినట్లు లేదు.

తోటపల్లి బ్యారేజీకి లచ్చన్నగారి పేరు, వంశధార ప్రాజెక్టుకు బొడ్డేపల్లి రాజగోపాలరావుగారి పేరు పెట్టారు, సంతోషం. నేను మూడెకరాలు కౌలుకు చేస్తాను. నీరు వచ్చింది గాని, పంట పోతే పరిహారం భూమి యజమానికి పోతోంది. లచ్చన్నగారుంటే ఏమనేవారు? – చీపురుపల్లి

ఆయన ఏమనేవారో మేము చెప్పడం సాహసం. ఆయన తరంవారు ఏమి చేశారో చెప్పగలం. 1937లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా జమీందారీ రైతులు కాలినడకన రైతు రక్షణ యాత్ర సాగించారు. జమీందారీ సమస్యపై ఆ ఏడే టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఏర్పడిన ప్రకాశం కమిటీ మరుసటి ఏడాది నివేదిక ఇస్తూ, భూమికి యజమాని సాగు చేసే రైతేనని, జమీందారు కేవలం శిస్తు వసూలు చేసే మనిషని తేల్చింది. 1939లో మద్రాసు మంత్రివర్గం రాజీనామా చేయడంతో ఆ పని ఆగి, 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో ముగింపుకు వచ్చింది.

అయితే ఆ పోరాటం రైతుకు, జమీందారుకు మధ్య జరిగింది. రైతు పొలంలో కౌలుకు దున్నే మనిషి అందులో పూర్తిగా కనిపించడు. ఇది ఆ నాయకుల లోపమని కాకపోయినా, వారు వదిలిన పని అని ఒప్పుకోవాలి. 2011లో వచ్చిన చట్టం కౌలుదారుకు రుణార్హత కార్డు ఇచ్చింది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పంద పత్రంపై పంట రుణం, బీమా, నష్టపరిహారం పొందే వీలు కల్పించింది. కాని ఆ పత్రంపై భూ యజమాని సంతకం ఉండాలి. సంతకం చేస్తే భూమిపై హక్కు పోతుందన్న భయం యజమానిది, అడిగితే వచ్చే ఏడు కౌలు దక్కదన్న భయం మీది. పల్లెలో ఎవరి మాట చెల్లుతుందో తెలిసి కూడా హక్కును బలవంతుడి సంతకానికి ముడిపెట్టిన చోట ప్రకాశం కమిటీ తేల్చిన సూత్రం తెగిపోయింది. సాగులో ఉన్న మనిషిని పంట నమోదు సమయంలోనే, పొలంలోనే గుర్తించి, ఆ నమోదు యజమాని హక్కుకు భంగం కాదని చట్టంలో స్పష్టంగా రాయడం ఒక దారి. మీరు మాత్రం ఈ ఏడు ఈ-క్రాప్ నమోదు జరిగేటప్పుడు పొలంలోనే ఉండి, సాగుదారుగా ఎవరి పేరు రాస్తున్నారో చూసుకోండి. జాబితాను గ్రామంలో ప్రదర్శించినప్పుడు తప్పుంటే గడువులోగా అభ్యంతరం రాసివ్వండి.

నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పెద్ద నాయకులను విమర్శిస్తే ఇంట్లో కోప్పడతారు. వచ్చే గ్రామసభకు వెళ్లాలనుకుంటున్నాను. వెళితే ఏమి అడగాలో కూడా తెలియదు. – ఆమదాలవలస

మొదటి దానికి జవాబు అంబేడ్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలోనే ఇచ్చారు. మతంలో భక్తి ఆత్మకు మోక్షమార్గం కావచ్చునేమో గాని, రాజకీయాల్లో భక్తి పతనానికి, చివరకు నియంతృత్వానికి దారి తీస్తుందని ఆయన హెచ్చరించారు. ఆయన్ను చదివి ఆయనతోనే విభేదించవచ్చు. పొట్టి శ్రీరాములుగారిని రాష్ట్రం కోసం ప్రాణమిచ్చినవారిగానే మీవాళ్లకు తెలిసి ఉంటే, హరిజనుల ఆలయ ప్రవేశం కోసం కూడా ఆయన నిరాహారదీక్ష చేశారని చెప్పి చూడండి. మీవాళ్లు ఏమంటారో తరువాత మాకు రాయండి.

ఇక గ్రామసభకు జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 వంటి రోజుల్లో వెళ్లినప్పుడు, ప్రసంగాలు అయ్యాక గత సభ తీర్మానాల పుస్తకం చదవమని అడగండి. అందులోని ప్రతి తీర్మానానికీ ఏమి జరిగిందో, ఆర్థిక సంఘం నిధుల్లో ఎంత వచ్చి ఎంత ఖర్చయిందో, పంచాయతీ తీర్మానం లేకుండా ఏదైనా జమ పడిందో అడగండి. ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైటులో మీ పంచాయతీ లెక్కలను ముందుగా చూసి వెళితే కార్యదర్శి మిమ్మల్ని తేలికగా తీసుకోలేరు. జవాబు దొరకకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఇవ్వండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి ఇచ్చే దరఖాస్తుకు రుసుము లేదు, ముప్పై రోజుల్లో సమాధానం రావాలి. సభ ముగిసేలోగా మీ ప్రశ్నను పుస్తకంలో ఎక్కించకపోతే, ఒక తెల్లకాగితంపై రాసి కార్యదర్శికి ఇచ్చి, నకలు మీద అందినట్లు సంతకం, తేదీ వేయించుకోండి.